రెండో తలుపు చప్పుడు

ఉప్పుగూడ స్టేషన్ దాటి ఎమ్మెమ్‌టీఎస్ పోతుంటే
మా ఏడో తరగతి కిటికీ ఊచలు సన్నగా వణుకుతాయి.
ఆ అర నిమిషం ఎవరం మాట్లాడం.
నాటకంలోనూ అలాంటి చోట్లుంటాయని
వీళ్లకెలా చెప్పాలా అని
రైలు పోయేదాకా ఆలోచించాను.

పాఠం చిన్నదే. ఒక గది, ఒక సాయంత్రం.
అన్న ఆటో అమ్మేద్దామంటాడు,
తమ్ముడు నేను నడుపుతానంటాడు.
తల్లి బియ్యంలో రాళ్లు ఏరుతుంటుంది.
తండ్రికి మొత్తం మూడే మాటలు,
మిగతాదంతా బ్రాకెట్లలో.

బోర్డు మీద నిలువుగీత గీశాను.
ఇటు అన్న, అటు తమ్ముడు.
తప్పెవరిదో చెప్పాలి, పాఠంలోంచే సాక్ష్యం చూపాలి.
మాకు శిక్షణలో నేర్పిన పద్ధతి ఇది.
ఆ రోజు భోజనం బాగుండింది, అదీ గుర్తుంది.

"పెద్దోనిదే తప్పు. నాయిన ముంగట గట్ల మాట్లాడొచ్చా?"
లాస్య.
"మరి కిస్తీలెవలు కడ్తున్నరు? పెద్దోడే గద!"
వెనక బెంచీ.
సుద్దముక్క అటూ ఇటూ పరుగెత్తి అలిసిపోతుంటే
ఉజ్మా లేచింది.
"టీచర్, రెండో పేజీల అమ్మ చేట పక్కకు పెట్టేసింది.
రాళ్లు అయిపోయినయి.
మళ్ల మూడో పేజీల ఎందుకు ఏరుతుంది?"

పదకొండేళ్లుగా చెబుతున్న పాఠం.
పేజీలు తిప్పి చూసుకున్నాను.
నిజమే, చేట మళ్లీ ఆమె ఒళ్లో ఉంది.
రాసినాయన మరిచిపోయాడేమో, అన్నాను.
"మర్చిపోలేదు టీచర్.
చేతులు ఖాళీగ కనబడితే
నువ్వేమంటవ్ అని అడుగుతరు కదా."

ఆమెకి గీతకి ఇటు చోటు లేదు, అటూ లేదు.
గీత మీదే రాశాను: చేట.

ఆ తర్వాత పాత్రలు పంచాను.
ఎప్పుడూ నోరు విప్పని జోయెల్‌కి
మాటల్లేని పని, తలుపు చప్పుడు.
తమ్ముడు విసురుగా బయటికెళ్లగానే
బల్ల మీద అరచేత్తో ఒక్కటి కొట్టాలి.
కొట్టాడు. సుద్దపొడి లేచింది, అందరూ నవ్వారు.
వాడు నవ్వలేదు.

"రెండు చప్పుళ్లు ఉంటయి టీచర్."
పుస్తకంలో ఒకటే కదరా.
"మొదటిది కోపంది. దాంతోని తలుపు పడదు,
గోడకు తాకి మళ్ల తెరుచుకుంటది.
అప్పుడు మెల్లగ వేస్తరు,
పక్కింటోళ్లకు వినపడకుండ."
చూపుడువేలి గోటితో బల్లని తాకాడు. టిక్.
"మెల్లగ వేసినంకనే భయం."

ఈసారి రైలేం రాలేదు.
అయినా ఎవరం మాట్లాడలేదు.

పాఠం చివర ఆరో ప్రశ్న ఒకటుంది:
మీ ఇంట్లో ఇలాంటి సందర్భం ఎప్పుడైనా వచ్చిందా?
దాన్ని అడగలేదు. ఇక ముందూ అడగను.
నాటకానికో గోడ ఉంది,
వాడు దాని వెనక నిలబడి చెబుతున్నాడు,
ఆ గోడ నేనెందుకు తీసేయాలి?
మరోటి అడిగాను.
తండ్రికి ఆ రెండో చప్పుడు వినిపించిందా?
జోయెల్ బ్రాకెట్ మీద వేలు పెట్టి
కూడబలుక్కుని చదివాడు.
"వినిపించింది. గందుకే కిటికీ దిక్కు తిరిగిండు."

యూనిట్ పరీక్షలో, ప్రధాన సంఘర్షణ ఏది, రెండు మార్కులు.
ఆటో విషయమై అన్నదమ్ముల తగాదా, అంటుంది
మాకిచ్చిన జవాబుల కాగితం.
అది రాసిన ముప్ఫైమందికీ మార్కులేశాను, తప్పేం లేదు.
వాడి కాగితంలో ఒకటే వాక్యం:
"తలుపుకు లోపట గొళ్లెం ఉన్నదో లేదో రాయలేదు."
ఎర్ర పెన్ను మూత తీసి, పెట్టి, మళ్లీ తీశాను.

నాలుగుంపావుకి పిల్లలు వెళ్లాక
వాచ్‌మన్ బాలనర్సు గేటు మూస్తున్నాడు,
చుట్టాలింట్లో మూసినట్టు నెమ్మదిగా, పద్ధతిగా.
గట్టిగానే వెయ్యి బాలనర్సూ, అన్నాను.
నా ముఖం వంక వింతగా చూసి
ధడేల్మని వేశాడు.